కుడివైపు సగం

నేను ఒక పరీక్ష అట్టను. ఆ ఉదయం దోసెల పిండి గిన్నె మీద మూతగా ఉన్నాను. ఇంట్లో గొడవంతా నా గురించే.

"అత్తయ్యా, నా అట్ట తెచ్చి పిండి మీద పెట్టారేంటండీ?" అంది సుభాషిణి.

"మూత కనపడకపోతే ఏం చెయ్యమంటావు? పిండికి నా కొంగు కప్పనా?" అంది అత్తగారు మాణిక్యాంబ. "అయినా అది నీ అట్టెప్పుడైందమ్మా? ఎన్నేళ్ల నుంచో నా వంటింట్లోనే పడుంది."

"మరి మూతేమైంది?"

"నీ కూతుర్నడుగు. అందులో గోరింటాకు ముద్ద పెట్టుకు కూర్చుంది నిన్న."

ఇంటర్ చదివే కుందన, ఎర్రగా పండిన వేళ్లు వెనక్కి దాచుకుని, "మామ్మే పెట్టుకోమంది," అంది.

"పెట్టుకోమన్నాను గానీ మూతలో పెట్టుకోమన్నానా?"

సుభాషిణి భర్త వీర్రాజు తల తుడుచుకుంటూ వచ్చాడు. ఊళ్లో మోటార్లు రివైండింగ్ చేసే షాపు అతనిది. ఎక్కడ ఏది కాలినా తీగ మార్చేస్తే సరిపోతుందని అతని నమ్మకం. "ఓ అట్ట కోసం పొద్దున్నే ఏంటే ఇది? కొత్తది కొనుక్కో. బజార్లో బోల్డు."

"ఆ బోల్డులోంచి ఒకటి తెచ్చి పిండి మీద మీరే పెట్టుకోండి. నాకిదే కావాలి," అని సుభాషిణి నన్ను తీసి, అంటిన పిండిని తడిబట్టతో తుడిచి, ఆ వెంటనే పొడిబట్టతో కూడా తుడిచింది. తడి మాకు పడదు. అప్పటికే నా ఒక మూల నాని, బూరెలా పొంగి ఉంది. ఆ మూల మీద ఆమె బొటనవేలు కాసేపు ఆగింది. నన్ను బడి సంచిలో పెట్టుకుంది.

నా పుట్టుక గొప్పదేం కాదు. చెక్కపొట్టును ఉడికించి, గుజ్జు చేసి, జల్లెడ మీద పరిచి, వేడి ఇనప పలకల మధ్య ఒత్తితే మా జాతి పుడుతుంది. అందుకే మా ముఖం నున్నగానూ, వీపు గోనెసంచిలా గరుగ్గానూ ఉంటుంది. విజయవాడలో ఒక రేకుల షెడ్డులో నన్ను కోసి, మూలలు గుండ్రంగా అరగదీసి, నెత్తిన ఒక క్లిప్పు బిగించారు. బిగించినావిడ దాన్ని తెరిచి, మూసి, చివరికి తన వేలు పెట్టి చూసుకుని "అబ్బా!" అంది. నాకు జరిగిన నాణ్యత పరీక్ష అదొక్కటే.

అక్కణ్నుంచి సామర్లకోటలో ఒక పుస్తకాల షాపుకొచ్చి, మేకుకు వేలాడుతూ ఉండేదాన్ని. పరీక్షల రోజుల్లో వచ్చిన పిల్లలు చేతికందిన అట్ట తీసుకుని పరిగెత్తేవారు. సుభాషిణి అలా కాదు. అప్పుడామె రెండు జడల పిల్ల. నన్ను గాజు బల్ల అంచుకు ఆనించి వంకర ఉందేమో చూసింది. క్లిప్పు కింద ఒకే ఒక్క కాగితం పెట్టి లాగి చూసింది. కాగితం జారలేదు. షాపతను విసుక్కున్నాడు. నాకు మాత్రం ఎవరో మొదటిసారి పేరు పెట్టి పిలిచినట్టనిపించింది.

ఆమె చిన్నపిల్లల టీచరుగా శిక్షణ తీసుకోవడానికి కాకినాడ వెళ్తూ నన్ను వెంట తీసుకెళ్లింది. అక్కడ పాఠం చెప్పే పెద్దావిడ ఒక పద్ధతి నేర్పింది. కాగితాన్ని నిలువుగా మధ్యకు మడవాలి. ఎడమవైపు పిల్లాడు ఏం చేశాడో రాయాలి. కుడివైపు, అదే సమయంలో తనేం చేసిందో టీచరు రాసుకోవాలి. "మొండి, మంచి, చురుకు, మందం, ఈ మాటలు ఎక్కడా రాకూడదమ్మా," అనేదావిడ. "అవి మీరు చూసినవి కావు, అనుకున్నవి."

అమ్మాయిలందరికీ ఎడమవైపు ఇట్టే నిండిపోయేది. పిల్లల గురించి ఎంతైనా రాయొచ్చు. కుడివైపుకు వచ్చేసరికి కలం ఆగిపోయేది. సుభాషిణి మాత్రం రెండువైపులా రాసేది. ఒక రోజు ఎడమవైపు, "పాప నీళ్లసీసా మూత రాక నావైపు చూసింది," అని రాసింది. కుడివైపు, "నేను ఇంకో పాపకు జడ వేస్తున్నాను. చూసీ చూడనట్టు ఊరుకున్నాను. పాప తనే తీసుకుంది. ఆ ఊరుకోవడం కావాలని కాదు, జడ సగంలో ఉండి. అయినా మంచిదే అయింది," అని రాసింది. నా మీద ఒత్తి రాసిన ఆ అక్షరాల అచ్చు ఇప్పటికీ ఏటవాలు వెలుతురులో కనిపిస్తుంది.

తర్వాత సుభాషిణి పెళ్లయింది. కొన్నాళ్లు బడిలో పని చేసింది. కుందన పుట్టాక మానేసింది. మనుషుల ఇంట్లో ఏ వస్తువుకూ పుట్టినప్పటి పని మిగలదు. వీర్రాజు నన్ను షాపుకు పట్టుకెళ్లి, ఏ మోటారుకు ఎన్ని చుట్లు తీగ చుట్టాలో రాసుకునే చీటీలు నాకు తగిలించాడు. అతని బొటనవేలి నూనె మరక నాకు పుట్టుమచ్చలా మిగిలింది. అక్కణ్నుంచి కుందన తెచ్చుకుని బొమ్మల పెళ్లికి పందిరి చేసింది. ఇంకొన్నాళ్లకు గోడకు నిలబెట్టి వికెట్టు చేసింది. చివరికి మాణిక్యాంబ గారి చేతిలో పడ్డాను. ఆవిడ నాతో కుంపటి విసిరింది, నా మీద కరివేపాకు ఎండబెట్టింది, మజ్జిగ గిన్నె మీద నన్ను మూత పెట్టింది. ఆవిడ దగ్గర నేను ఖాళీగా ఉన్న రోజు లేదు. రాతకోతలు నేర్చిన వస్తువుకు ఇంతకంటే మర్యాద ఎక్కడ దొరుకుతుందని సర్దుకుపోయాను.

కుందన పెద్దదయ్యాక సుభాషిణి మళ్లీ బడిలో చేరింది. రెండు వీధుల అవతల చిన్న ప్రైవేటు బడి, నర్సరీ తరగతి. మళ్లీ నన్ను అడుగుతుందనుకున్నాను. అడగలేదు. ఆ బడిలో పిల్లల గురించి అచ్చువేసిన కాగితాలుండేవి. 'సర్దుకున్నాడు', 'సర్దుకోలేదు', 'మాట వింటాడు', 'మొండి' అని గళ్లుంటాయి, టిక్కు పెట్టాలి. టిక్కు పెట్టడానికి అట్టెందుకు? కాగితాన్ని గోడకానించి కూడా పెట్టొచ్చు. రాయడం మానేయడానికి మనుషులు కారణాలు వెతుక్కోనక్కర్లేదు. కారణాలే చిరునామా కనుక్కుని వస్తాయి.

మరి ఆ ఉదయం నేనెందుకు గుర్తొచ్చాను? ఆమె క్లాసులో కొత్తగా చేరిన బద్రి అనే పిల్లాడి వల్ల.

బద్రికి నాలుగేళ్లు నిండలేదు. రోజూ నాన్నతో మోపెడ్ మీద నవ్వుతూ వచ్చేవాడు. చెప్పులు విప్పేవాడు. క్లాసు గుమ్మం దాకా వచ్చి, ద్వారబంధం పట్టుకుని, ఇక అడుగు వేసేవాడు కాదు. రమ్మంటే ఏడుపు. చెయ్యి పట్టుకుంటే ఇంకా ఏడుపు. బడి ఆయమ్మ నూకాలు ఎత్తుకుని లోపల కూర్చోబెట్టాల్సిందే.

హెడ్‌మిస్ట్రెస్ వసుంధర గారు సుభాషిణిని పిలిచి, "ఆ ఏడుపు రోడ్డుదాకా వినిపిస్తోందమ్మా. పిల్లల్ని చేర్పిద్దామని వచ్చినవాళ్లు గేటు దగ్గరే జడుసుకుంటున్నారు. వాళ్ల నాన్నతో వచ్చే ఏడాది చూద్దామని చెప్పేద్దాం. నువ్వు షీటు పూర్తి చేసి ఇచ్చెయ్," అంది.

సుభాషిణి 'మొండి' అన్న గడి మీదకు పెన్ను తీసుకెళ్లింది. వాడు చేరినప్పట్నుంచీ ఆమె నోట కూడా ఆ మాటే వస్తోంది. అయినా పెన్ను దిగలేదు. "సోమవారం దాకా ఆగండి మేడం," అంది. "నేను వాణ్ని ఇంకా సరిగ్గా చూడలేదు."

ఆ మర్నాడే నేను పిండి మీద నుంచి లేచింది.

బడిలో ఆమె నన్ను ఒళ్లో పెట్టుకుని, తెల్లకాగితం తగిలించి, నిలువుగా మడిచింది. వేళ్లకు ఆ మడత గుర్తుంది గానీ చేతికి రాత గుర్తులేదు. మొదటిరోజు ఒక వాక్యం రాసి మూడు మాటలు కొట్టేసింది. 'పెంకిగా', 'కావాలని', 'ఊరికే'. కొట్టేశాక మిగిలింది, "గుమ్మం దగ్గర ఆగాడు. ఏడ్చాడు," అని. అంత చిన్న వాక్యం చూసుకుని ఆమెకే నవ్వొచ్చింది.

మర్నాటికి వాక్యాలు పెరిగాయి. "చెప్పులు విప్పి జతగా పెట్టాడు. గుమ్మం దగ్గర ఆగాడు. లోపలికి కాదు, కిందికి చూశాడు. నూకాలు ఎత్తుకొచ్చి మూలన కూర్చోబెట్టింది. వెంటనే ఏడుపు ఆపాడు. బొమ్మలతో ఆడాడు. క్లాసులోనే ఉన్న కుండ దగ్గరికి నీళ్లకు వెళ్తూ గోడ వారగా నడిచాడు. వస్తూ మళ్లీ గోడ వారగానే వచ్చాడు."

ఎడమవైపు ఇలా నిండుతూ వచ్చింది. కుడివైపు ఖాళీ. 'నేను పిలిచాను', 'నేను చెయ్యి చాచాను' అని రాసి, అవి కాదన్నట్టు తల ఊపేది.

ఇంటికొచ్చి కుదురుగా కూర్చుని ఆలోచిద్దామంటే ఇల్లు కుదరనిచ్చేది కాదు. రాసే మనిషి పక్కనే ఇంటిల్లిపాదీ ఏదో ఒకటి పోగొట్టుకుంటారు.

"సుభాషిణీ, ఇంగువ డబ్బా ఎక్కడ?"

"అమ్మా, నా నల్ల చున్నీ ఏదే?"

"సుభా, టెస్టరు ఇక్కడే పెట్టాను, చూశావా?"

ప్రతి పిలుపుకూ ఆమె నన్ను బోర్లించి లేచేది. తిరిగి వచ్చేసరికి ఆలోచన ఆరిపోయేది. ఒకసారి నా కింద ఇంగువ డబ్బాయే దొరికింది.

ఆదివారం వచ్చింది. సోమవారం వసుంధర గారికి ఏం చెప్పాలో ఆమెకు ఇంకా తెలియదు. నన్ను నేల మీద పెట్టుకుని, పక్కన ఉతికిన బట్టలు మడత పెడుతూ, ఎడమవైపు రాసిందంతా మళ్లీ మళ్లీ చదువుతోంది. అంతలో కుందన ఫోను మోగిందని లోపల్నుంచి పరిగెత్తుకొచ్చింది. ఆ హడావిడిలో కాలు తిన్నగా నా మీద పడింది. ఫోను మోగుతూనే ఉంది. అయినా ఆ పిల్ల ఆగి, వంగి, నా మీది కాగితాన్ని వేళ్లతో తాకి, కళ్లకద్దుకుని, అప్పుడు పరిగెత్తింది.

సుభాషిణి చేతిలో చీర సగం మడతలో ఆగిపోయింది.

"కుందనా, ఇలా రా. ఇప్పుడేం చేశావు?"

"ఏం చేశాను? చూసుకోలేదమ్మా, కాలు తగిలింది."

"తర్వాత?"

"కళ్లకద్దుకున్నాను. రాసిన కాగితం కదా! చిన్నప్పుడు నువ్వే నేర్పి, ఇప్పుడు ఏం చేశావంటావేంటి?"

సుభాషిణి చీర పక్కన పెట్టింది. నన్ను ఒళ్లోకి తీసుకుంది. నెల్లాళ్ల క్రితం బడి తెరిచే ముందు ఆమే మోకాళ్ల మీద కూర్చుని, క్లాసు గుమ్మం నుంచి నల్లబల్ల దాకా, నేల మీద ఎనామిల్ రంగులతో అక్షరాలు వేసింది. 'అక్షరాల బాట' అని పేరు కూడా పెట్టింది. పిల్లలు 'అ' మీద ఒక గెంతు, 'ఆ' మీద ఒక గెంతు వేసుకుంటూ లోపలికి రావాలి. ఎక్కడో వీడియోలో చూసి ముచ్చటపడి చేసిన పని. వసుంధర గారు ఫొటోలు తీయించి గేటుకు కట్టించింది. పిల్లలందరూ గెంతారు. ఆఖరున చేరిన ఒక్క పిల్లాడు గెంతలేదు.

పుస్తకానికి కాలు తగిలితే కళ్లకద్దుకోమని ఇంట్లో కూతురికి నేర్పి, బడిలో అక్షరాల మీద అడుగు వేస్తే తప్ప లోపలికి రావడానికి వీల్లేకుండా గుమ్మమంతా నింపేసిన మనిషి తనే. మొదటిసారి కుడివైపు సగంలో కలం నింపాదిగా కదిలింది. "నేను నేల మీద అక్షరాలు వేశాను. వాడు తొక్కనన్నాడు. నేను దాన్ని మొండితనం అన్నాను."

ఆ వాక్యం కింద చిన్న గీత గీసి, ఆమె నవ్వింది. సిగ్గుపడాల్సిన చోట నవ్వొచ్చిందేమిటని నేను మొదట అనుకున్నాను. తర్వాత తెలిసింది. ఎన్నాళ్ల నుంచో కనిపించని వస్తువు మంచం కిందే దొరికితే మనుషులు అలాగే నవ్వుతారు.

సోమవారం ఆమె అందరికంటే ముందు బడికి వెళ్లి, గుమ్మం నుంచి నల్లబల్ల దాకా అక్షరాలన్నీ మూసుకుపోయేలా పెద్ద జంపఖానా పరిచింది. ఊహ తప్పయితే ఈ రోజుతో బద్రి బడి అయిపోతుంది. నన్ను పట్టుకుని గోడ పక్కన కూర్చుంది. పిలవలేదు, చెయ్యి చాచలేదు. నా క్లిప్పును మాత్రం టక్కుటక్కుమని తెరుస్తూ మూస్తూ ఉంది.

బద్రి వచ్చాడు. చెప్పులు జతగా పెట్టాడు. ద్వారబంధం పట్టుకున్నాడు. కిందికి చూశాడు. ఏడవడానికి నోరు సిద్ధం చేసుకున్నవాడల్లా ఆగాడు. ఒక కాలు జంపఖానా మీద వేశాడు. రెండో కాలు వేశాడు. నడుచుకుంటూ లోపలికి వచ్చేశాడు.

ఎత్తుకోవడానికి చీర బిగించి వచ్చిన నూకాలు గుమ్మంలోనే నిలబడిపోయింది. "అయ్యబాబోయ్! రోజూ నా నడుం ఇరగ్గొట్టింది ఈడేనా?"

కాసేపటికి బద్రి జంపఖానా అంచు దగ్గర బోర్లా పడుకుని, దాన్ని కొంచెం పైకెత్తి, కింద ఉన్న 'అ'ను చూశాడు. చూపుడువేలితో మెల్లిగా అంచు తాకి, ఆ వేలు వెలుతురులో పెట్టి చూసుకున్నాడు. "టీచర్, ఇది ఆరిందా?" అన్నాడు.

ఆ బడిలో సుభాషిణి విన్న వాడి మొదటి మాట అదే.

సాయంత్రం వాళ్ల నాన్న సింహాచలం వచ్చాడు. వేళ్ల నిండా రంగు మరకలు. షాపులకు బోర్డులు రాసే పని అతనిది. సుభాషిణి సంగతి చెబితే తల పట్టుకున్నాడు.

"అది నేను చెప్పిందేనండి మేడంగారూ! ఇల్లంతా బోర్డులు ఆరేసుకుని ఉంటాను కదండీ. అచ్చరం మీద కాలెడితే ఈపు సితక్కొడతానన్నానండి. ఓసారి కిరాణా కొట్టు బోర్డు మీద, తిన్నగా 'రా' మీదే అడుగెట్టేసేడండి ఈడు. మళ్లీ మొత్తం రాసేనండి. మరి బళ్లో కూడా నేల మీద అచ్చరాలుంటాయని నాకేం తెలుసండి?"

"ఉండకూడదు. నాకే తెలియలేదు," అంది సుభాషిణి.

మడత కాగితం తీసుకెళ్లి వసుంధర గారికి చూపించింది. ఆవిడ ఎడమవైపు గబగబా చదివింది, కుడివైపు నెమ్మదిగా చదివింది. "అందరూ బావుందన్న బాట కదమ్మా! ఫొటోల్లో ఎంత బాగా పడిందో!" అంది.

"బావుంది మేడం. నేనే వేశాను, నేనే చెరిపేస్తాను. గోడ మీద పిల్లల చెయ్యి అందేంత ఎత్తులో వేయిద్దాం. వేలితో దిద్దుకుంటారు."

ఆవిడ పిల్లాడి షీటు తీసి 'సర్దుకున్నాడు' అన్న గడిలో తనే టిక్కు పెట్టింది. తర్వాత మడత కాగితం ఎత్తి పట్టుకుని, "మరి దీన్ని ఎక్కడ అంటించాలి? షీటులో ఇంత చోటు లేదే," అంది.

"అంటించక్కర్లేదండి. అది నేను చదువుకోవడానికి," అని సుభాషిణి కాగితాన్ని తిరిగి నా క్లిప్పు కిందకు చేర్చింది.

ఆ వారమంతా ఆమె నన్ను వదల్లేదు. బద్రి గురించి మాత్రమే కాదు, అందరి గురించీ రాసింది. పక్కవాడి డబ్బాలో మురుకు తీసుకుని తన డబ్బాలో ద్రాక్షపండు ఇచ్చే పాప గురించి, నిద్రొస్తే తన చెవి తనే పట్టుకునే బాబు గురించి రాసింది. గోడ మీద అక్షరాలు సింహాచలమే వేశాడు. వేస్తున్నంతసేపూ బద్రి పక్కనే నిలబడి, ఎవరినీ తాకనివ్వకుండా కాపలా కాశాడు. అదీ రాసింది. కుడివైపు సగం ఇప్పుడు పెద్దగా ఇబ్బంది పెట్టడం లేదు. ఒక రోజైతే ఎడమవైపు కంటే ముందే నిండిపోయింది.

ఇల్లు మాత్రం మారలేదు. ఆమె కూర్చోవడం ఆలస్యం, ఎవరికో ఏదో కనిపించకుండా పోయేది.

ఆదివారం మధ్యాహ్నం నలుగురూ భోజనానికి కూర్చున్నారు. వంకాయ కూర, చారు, అప్పడాలు. నేను ఫ్రిజ్ మీద నుంచి చూస్తున్నాను. సుభాషిణి చారన్నం ముగించి, కంచంలో మజ్జిగకు అన్నం పెట్టుకుంటూ చెప్పింది.

"రేపట్నుంచి నేను ఇంటికి గంట ఆలస్యంగా వస్తాను."

"నర్సరీకి కూడా ఎక్స్‌ట్రా క్లాసులా?" అన్నాడు వీర్రాజు.

"క్లాసు కాదండి. పిల్లలు వెళ్లాక అక్కడే కూర్చుని ఆ రోజుది రాసుకుంటాను."

"రాయమని మీ హెడ్‌మిస్ట్రెస్ చెప్పిందా?"

"లేదు. ఎవరూ చెప్పలేదు."

"ఎవరూ చెప్పకుండా పని పెట్టుకునేదాన్ని నిన్నే చూశాను," అంది మాణిక్యాంబ. "ఆ రాసేదేదో ఇంట్లోనే రాసుకోరాదూ? ఎవరొద్దన్నారు నిన్ను?"

"అదీ నిజమే," అన్నాడు వీర్రాజు. "అన్నట్టు సుభా, ఆ ఉప్పు డబ్బా ఎక్కడా..."

కుందనకు పొలమారింది. మామ్మ దాని నెత్తిన తడుతూ తనూ నవ్వాపుకోలేకపోయింది. వీర్రాజు ముగ్గురి ముఖాలూ చూశాడు. లేచి వంటింట్లోకి వెళ్లాడు. రెండు డబ్బాలు తెరిచిన చప్పుడైంది. మూడోది ఉప్పు.

"మరి సాయంత్రం నా కాఫీ?" అడిగింది మాణిక్యాంబ, నవ్వు సర్దుకుని.

"డికాషన్ తీసి పెట్టి వెళ్తానత్తయ్యా. పాలు మీరు కాచుకోవాలి."

"ఆ, నాకు కాచుకోవడం రాదనా? నీకంటే చిక్కగానే కాచుకుంటాను."

వీర్రాజు కంచంలో చిటికెడు ఉప్పు వేసుకుని కలుపుకున్నాడు. "ఇంతకీ ఎన్నాళ్లే ఈ రాత?" అన్నాడు.

"పిల్లలు వస్తున్నన్నాళ్లూ," అంది సుభాషిణి, అన్నంలో మజ్జిగ పోసుకుంటూ.